ఏ పనిముట్టు సముద్రము దాటవలెను?

ఎఱ్ఱకోటకు ఎదురుగా, చాందినీ చౌకు వీధి మొదట, దేశవిభజన కాలమున పడమటి పంజాబునుండి కట్టుబట్టలతో తరలివచ్చిన కాందిశీకుల జీవనోపాధికై ఏర్పడి, లాలా లజపతిరాయి పేరు దాల్చిన అంగడివాడ యొకటి కలదు. వాల్వు రేడియోల కాలమునుండి సెల్‌ఫోనుల కాలమువఱకు ఢిల్లీలో ఎలక్ట్రానిక్సు పని నేర్చినవారిలో ఆ ఇరుకు సందులందు భుజములు రాచుకొనుచు తిరుగనివారు అరుదు. నోయిడాలో, గుర్గావులో ఉద్యోగములు చేయుచు సెలవుదినములందు ఇంటి మూలనున్న బల్లపై సర్క్యూట్లు కట్టుకొను మన తెలుగువారును, ఇచ్చటి ఇంజనీరింగు కళాశాలలలో చదువు మన పిల్లలును, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీని తలచుకొనుచు మొదట ఇచ్చటికే వత్తురు. వచ్చి, మంచి సోల్డరింగ్ స్టేషను కావలెనని అడిగినచో, అంగడివాడు నీలము, పసుపుపచ్చ కలిసిన ఒకే పోలిక పెట్టెలు రెండు బల్లపై పెట్టి, "ఒరిజినల్ చాహియే, యా ఫస్ట్ కాపీ?" అని శాంతముగ ప్రశ్నించును. ఈ ప్రశ్నలో కపటము లేదు. నకలును నకలని చెప్పియే అమ్ము ఒకవిధమగు నిజాయితీ ఇందు కలదు. చిక్కేమనగా, అతడు ఒరిజినల్ అని చూపునదియు నకలే కావచ్చును. ఆ సంగతి ఒక్కొక్కప్పుడు అతనికిని తెలియదు.

ఇట్టి సందేహమువలననే విదేశపు అంగళ్లవైపు చూపు మరలును. 1952లో ఒసాకాలో పుట్టిన హ్యాకో, 1929నుండి బార్సిలోనాలోనున్న జె.బి.సి., జర్మనీ దేశపు ఎర్సా, అమెరికా దేశపు వెల్లర్ మున్నగు పేరుగాంచిన సంస్థల సరకంతయు కంప్యూటరు తెరపై చేతికందునంత దూరముననే యున్నట్లు కనబడును. కాని తెరపై కనబడు వెల వేఱు, పనిముట్టు గుమ్మము చేరునప్పటి వెల వేఱు. రెంటి నడుమ కొరియరువారు, కస్టమ్సువారు, బ్యాంకువారు ముగ్గురును నిలిచియుందురు. కావున ఏది తెప్పించుకొనదగినది, ఏది ఊరిలో కొనదగినది అను విచక్షణ ముందుగా కావలయును. నాకు తోచిన కొలబద్ద యిది: చెడినప్పుడు తన చెడును తానే చాటుకొను పనిముట్టును ఊరిలోనే కొనవచ్చును, చెడును కడుపులో దాచుకొని, పైకి చక్కగా పని చేయుచున్నట్లు నటించు పనిముట్టునకు మాత్రమే విదేశపు వెల పోయవలెను. మొండిబారిన కట్టరు తీగను కోయదు, నమలును. చూచిన మరుక్షణమున దానిని మార్చుకొందుము. తప్పు అంకె చూపు మీటరో, సరియైన అంకె చూపు మీటరువలెనే వెలుగుచుండును.

సోల్డరింగ్ ఐరనును ఈ కొలబద్దతో పరీక్షింతము. దాని మొన పైకి వెండిరంగు ములుకువలె కనబడినను లోపల రాగి కడ్డీ కలదు. వేడిని త్వరగా చేరవేయుటకు రాగియే తగినది. కాని కరగిన టంకములోని తగరము రాగిని క్రమక్రమముగ కరగించివేయును గనుక, రాగిపై ఇనుప పూత, ఆ పైన మొనను విడిచి తక్కిన భాగమునకు టంకమంటని క్రోమియము పూత వేయుదురు. మొన ఆయుర్దాయమంతయు ఆ ఇనుప పూత మందములో నున్నది. మందమును కంటితో చూడలేము; నకలు తయారుచేయువాడు పొదుపు చేయునది సరిగా అచ్చటనే. పలుచని పూత కొలదినాళ్లలో చిల్లులు పడి, ఆ చిల్లుద్వారా రాగి కరగి, మొన లోపల గుల్లయగును. ఇది కొంత నయము, ఎందుకనగా మొన గుంటపడుట తుదకు కంటికి కనబడును. అంతకంటె కీడు చేయునది లోపలి ఉష్ణమాపకపు అబద్ధము. తగరము 63 పాళ్లు, సీసము 37 పాళ్లు కలిసిన టంకము 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. సీసము లేని కొత్త టంకములు 217 డిగ్రీలు దాటినగాని కరగవు. తెరపై 350 అని వెలుగుచు మొన 290 వద్దనే యున్నచో, టంకము కరగును, అంటినట్లును కనబడును, కాని లోహమును తడిపి పట్టుకొనదు. అట్టి అతుకు మే నెలలో 45 డిగ్రీల ఎండలో వ్యాకోచించి, జనవరిలో ఢిల్లీ చలికి ముడుచుకొని, ఏ ఆరుమాసములకో సన్నని పగులు చూపును. అప్పుడు తప్పు చిప్పుదో, సర్క్యూటుదో యని వెదకుదుము గాని, ఐరనుపై అనుమానము రాదు.

ఉష్ణమును నిలుపుటకు పూర్వులు కనిపెట్టిన ఉపాయములలో నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది వెల్లర్ వారిది. ఆ ఐరను మొన అడుగున చిన్న అయస్కాంత లోహపు బిళ్ల యుండును. ప్రతి అయస్కాంత లోహమునకును, దానిని దాటిన వెంటనే ఆకర్షణ శక్తి నశించు ఉష్ణోగ్రత యొకటి కలదు. దానికి క్యూరీ బిందువని పేరు. మొన చల్లగా నున్నంతసేపు ఆ బిళ్ల లోపలి అయస్కాంతమును పట్టియుంచి స్విచ్చిని మూసియుంచును. ఆ బిందువు రాగానే పట్టు సడలి, టక్కుమని చప్పుడై, విద్యుత్తు ఆగును. చిప్పు లేదు, తెర లేదు. బిళ్ల అడుగున 7 అను అంకె చెక్కియున్నచో 700 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా మన లెక్కలో 370 సెంటిగ్రేడు. 6 అయినచో 600, 8 అయినచో 800. వేడి మార్చవలెనన్న మొననే మార్చవలెను. నేటి హ్యాకో టి12, జె.బి.సి. సి245 జాతులలో వేడి చేయు తీగ, ఉష్ణమాపకము, మొన మూడును ఒకే కడ్డీలో ఇమిడియుండును గనుక, వేడి క్షణములలో ఎక్కును. అందువలననే లోకమంతటను వీటికి లెక్కలేనన్ని నకళ్లు పుట్టినవి. స్టేషను పెట్టె నకలైనను కొంత సర్దుకొనవచ్చును గాని, కడ్డీ నకలైనచో ఆ స్టేషనుకు అర్థము లేదు. డబ్బు చాలనివారికి నేను చెప్పునది ఇదియే: పెట్టెపై కాదు, కడ్డీపై వెచ్చింపుడు.

మీటరు సంగతి ఇంకను గంభీరమైనది. 1923లో డోనాల్డ్ మెకేడీ అను బ్రిటిషు తపాలాశాఖ ఇంజనీరు, టెలిఫోను తీగలు పరీక్షించుటకు మూడు నాలుగు యంత్రములు మోయలేక, ఆంపియరు, వోల్టు, ఓము మూడింటిని ఒక్కటే కొలుచు యంత్రమును రూపొందింపగా, ఆ మూడక్షరముల పేరుతో ఆవో మీటరు బయలుదేరెను. మన దేశపు ప్రయోగశాలలలో రెండు మూడు తరములవారు దాని నల్లని బేకలైటు పెట్టెతోనే చదువుకొనిరి. నేటి డిజిటల్ మీటర్లు అంతకంటె సూక్ష్మమైనవి, చవుకైనవి. ఐనను ప్రాణాపాయము విషయమున చవుకదనము చెల్లదు. మీటరు ముఖముపై క్యాట్ 2, క్యాట్ 3, క్యాట్ 4 అని వ్రాసియుండును. ఇంటి ప్లగ్గు వద్ద కొలుచుట యొకటి, మెట్లక్రిందనున్న మెయిను బోర్డు వద్ద కొలుచుట యొకటి, వీధి తీగ వద్ద కొలుచుట వేఱొకటి. సరఫరా తీగకు దగ్గరకు పోవుకొలది, పొరపాటు జరిగినప్పుడు పాఱు విద్యుత్తు పెరుగును. ఆ మెట్లకు తగిన రక్షణ మీటరులో కలదని ఆ గుర్తులు హామీ యిచ్చును. హామీ నిజమా యని తెలిసికొనుటకు వెనుక మూత విప్పి ఫ్యూజును చూడవలెను. ఫ్లూక్ 87 వంటి మీటరులో లావైన, ఇసుక నింపిన ఫ్యూజు, 11 ఆంపియర్లు, 1000 వోల్టులు అని వ్రాసి యుండును. తీగ కరగినప్పుడు పుట్టు మెఱుపును ఆ ఇసుక ఆర్పివేయును. చవుక మీటరులో అగ్గిపుల్లంత గాజు గొట్టపు ఫ్యూజు కనబడును, ఒక్కొక్కదానిలో అదియు ఉండదు. మూతపై మాత్రము రెంటికిని క్యాట్ 3 అనియే అచ్చువేసి యుండును.

ఫ్లూక్ పేరు వచ్చినది గనుక ఒక వింత చెప్పెదను. 2014 మార్చిలో అమెరికా కస్టమ్సువారు, కొలరాడో రాష్ట్రములోని స్పార్క్‌ఫన్ అను ఎలక్ట్రానిక్సు అంగడివారు చైనానుండి తెప్పించుకొనిన సుమారు 2000 మీటర్లను దేశములోనికి రానీయక ఆపివేసిరి. వాటిపై ఫ్లూక్ పేరు లేదు, నకలు ముద్రయు లేదు. ముదురు బూడిదరంగు ముఖమునకు పసుపుపచ్చని అంచు ఉండుటయే దోషము. ఆ రంగుల కలయికయే ఫ్లూక్ వారి వ్యాపారచిహ్నముగ ఆ దేశమున నమోదైయున్నది. లోకము గొల్లుమనగా, ఫ్లూక్ వారు తమ సొంత మీటర్లను ముప్పదివేల డాలర్లకు పైబడు విలువకు స్పార్క్‌ఫన్‌కు ఉచితముగ పంపి ఆ తగవును చల్లార్చిరి. ఆ బూడిద, పసుపు రంగుల మీటర్లు కరోల్ బాగులోని గఫార్ మార్కెట్టు మెట్లపై నేటికిని కుప్పలుగ పడియుండును. మన కస్టమ్సువారికి రంగులపై అంత పట్టింపు ఉన్నట్లు కనబడదు.

ఇక సముద్రము దాటనక్కరలేని వస్తువుల మాట. స్క్రూ డ్రైవర్లు, నిప్పర్లు, నోస్ ప్లయర్లు స్వీడను దేశపు బాకో వారి సహకారముతో ఎదిగిన మన తాపడియా వారివి చక్కగా పనిచేయును. జర్మనీలోని వూపర్టాలులో 1882నుండి ప్లయర్లు చేయుచున్న క్నిపెక్స్ వారిది చేత పట్టిన సుఖము వేఱే యనుట నిజమే, కాని ఆ సుఖమునకు సుంకముతో చెల్లించు వెల విలాసమే యనవలెను. మీటర్లలో సైతము, ఫ్లూక్‌కు పరుగెత్తకముందు నాసిక్ వైపు చూచుట మంచిది. 1909లో సింధులోని సుక్కూరులో ఆరంభమై, శికాగో రేడియో పేరిట కాంగ్రెసు మహాసభలకు లౌడుస్పీకర్లు అమర్చిన మోట్వానీవారు, తరువాతి కాలమున స్థాపితులైన రిషభ్‌వారు, ఇరువురును అచ్చట మీటర్లను చేయుటలో దీర్ఘానుభవము కలవారు. అతుకులు తుడుచు ఐసోప్రొపైలు ఆల్కహాలు, ఫ్లక్సు కడుగు ద్రవములు విమానమున రావు; ఖారీ బావలీ ప్రక్కనున్న తిలక్ బజారు రసాయనపు అంగళ్లలో కొనవలసినవే. ట్వీజర్లు, తీగల కనెక్టర్లు నొక్కు క్రింపింగు పనిముట్లు మాత్రము దాపఱికపు జాతికి చెందినవి. చెడ్డ క్రింపు తీగను పట్టినట్లే యుండి కదలినప్పుడు మాత్రమే విడుచును. కావున జపానుదేశపు ఇంజనీరు కంపెనీవారి చిన్న క్రింపరును తెప్పించుకొనువారిని దుబారా చేసిరని నేననను.

ఈ స్వేచ్ఛ మనకు నిన్న మొన్న వచ్చినది. 1947 నాటి దిగుమతి ఎగుమతి నియంత్రణ చట్టము అమలులోనున్న దశాబ్దములందు, ఒక్క ఆసిలోస్కోపు కావలెనన్నను ఉద్యోగభవనములోని కార్యాలయముచుట్టు లైసెన్సుకొఱకు ప్రదక్షిణము చేయవలసియుండెను. విదేశపు సరకును ఆపుట ఒక వైపు కాగా, స్వదేశమున యంత్రములు చేసికొనవలెనను తపన మఱియొక వైపు. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్సు సంఘములో మన సూరి భగవంతముగారు, అయ్యగారి సాంబశివరావుగారు సభ్యులు. ఆ సంఘపు నివేదిక 1966లో వెలువడినది. మరు సంవత్సరమే సాంబశివరావుగారి నాయకత్వమున హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసినది. ఐనను మామూలు మెకానిక్కునకు మంచి పనిముట్టు దొరకు త్రోవలు రెండే యుండెను: యుద్ధానంతరము సైన్యము వేలము వేసిన పాత సామాను, లేదా విదేశమునుండి వచ్చు చుట్టము. 1991లో గరిష్ఠ సుంకము 150 శాతమునకు దించినప్పుడు దానిని గొప్ప సడలింపుగ లోకము కొనియాడినదనగా, అంతకు ముందటి స్థితి ఊహించుకొనవచ్చును. 1992లో ఆ పాత చట్టము పోయి విదేశ వాణిజ్య చట్టము వచ్చినది. చుట్టముల త్రోవ మాత్రము మూతపడలేదు. డల్లాసుకు ఆవకాయ జాడీలు మోసికొనిపోయిన పెట్టెలోనే, తిరుగు ప్రయాణమున బావగారి కొఱకు మీటరో, ఐరనో వచ్చుట తెలుగిండ్లలో నేటికిని కలదు. సామాను నియమములు చెప్పిన పరిమితికి లోబడినంతవఱకు అది సర్వవిధముల సక్రమమే.

చుట్టము లేనివారికి రెండు ద్వారములు. తపాలా మార్గమున వచ్చు పొట్లము ఐ.టి.ఓ. సమీపమున కోట్లా రోడ్డులోనున్న విదేశీ తపాలా కార్యాలయమునకు చేరును. కొరియరువారు తెచ్చునది ఇందిరాగాంధీ విమానాశ్రయపు కొరియరు టెర్మినలులో దిగును. తపాలా పొట్లమునకు పదమూడు అక్షరముల సంఖ్య యుండును: మొదట రెండక్షరములు సేవ యెట్టిదో చెప్పును, నడుమ తొమ్మిది అంకెలు, తుదనున్న రెండక్షరములు పంపిన దేశమును తెలుపును; జె.పి. యన్న జపాను, జి.బి. యన్న బ్రిటను. పొట్లముపై సి.ఎన్. 22 యనియో, విలువ ఎక్కువైనచో సి.ఎన్. 23 యనియో పిలువబడు ప్రకటనాపత్రము అంటించియుండును. లోపలి వస్తువు, బరువు, వెల అందు వ్రాయవలెను. ఈ చిన్న కాగితము వద్దనే అధికముగ కష్టములు పుట్టును. కొందఱు అమ్మకందారులు, కొనువానికి మేలు చేయుచున్నామనుకొని, నూరు డాలర్ల వస్తువును పది డాలర్ల కానుక యని వ్రాసి పంపుదురు. వెల తగ్గించి వ్రాయుట ఎల్లప్పుడును నేరమే. కానుక యని వ్రాయుట మఱింత ముప్పు, ఏలయనగా ఐదువేల రూపాయలలోపు కానుకలకు ఒకప్పుడున్న మినహాయింపు తొలగి, 2019 డిసెంబరు 12వ తేదీ ప్రకటనతో, ప్రాణరక్షక ఔషధములు, రాఖీలు తప్ప కానుక పేరిట సుంకము కట్టక తపాలాలోను, కొరియరులోను వస్తువులను దిగుమతి చేసికొనుట నిషిద్ధమైనది. కావున ఆర్డరు పెట్టునప్పుడే, నిజమైన వెల వ్రాయుడు, కానుక యని వ్రాయవలదు, బిల్లు ప్రతిని పొట్లముపై అంటింపుడు, అని అమ్మకందారునకు స్పష్టముగ తెలుపుట ఉత్తమము.

సుంకపు లెక్క భయపడినంత క్లిష్టమైనది కాదు. వస్తువు వెలకు రవాణా, బీమా ఖర్చులు కలిపిన మొత్తముపై మూలసుంకము పడును. దానిపై పదియవ వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. ఈ మూడింటి మొత్తముపై ఐ.జి.ఎస్.టి., ఇట్టి పనిముట్లలో చాలవాటికి 18 శాతము. మూలసుంకపు రేటు బడ్జెటు బడ్జెటుకు మారుచుండును. లెక్క తేలికకు 10 శాతమనుకొందము. రవాణాతో 10,000 రూపాయలైన ఐరనుకు సుంకము 1,000, సర్‌ఛార్జి 100, 11,100పై 18 శాతమనగా 1,998, మొత్తము 3,098. దీనికి తోడు, మన పక్షమున సుంకము ముందుగా కట్టినందుకు కొరియరువారు తమ రుసుమును, విదేశపు నాణెమును మార్చినందుకు బ్యాంకువారు నూటికి రెండు మూడు రూపాయలను తీసికొందురు. తపాలాలో వచ్చిన పొట్లమునకైనచో తపాలా జవాను గుమ్మమున నిలిచి సుంకము వసూలు చేసికొనును. ఆలస్యము హెచ్చు, ఖర్చు తక్కువ. కొరియరులో ఆధారు, పాను వంటి గుర్తింపు పత్రములు ముందే పంపనిచో పొట్లము విమానాశ్రయమున అట్లే కూర్చుండును. మఱియొక మర్మము పెట్టె కొలతలో నున్నది. కొరియరువారు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 5000 చేత భాగించి, వచ్చినది అసలు బరువుకంటె ఎక్కువైనచో దానికే రుసుము వేయుదురు. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో దూదివంటి వస్తువున్నను మూడు కిలోల లెక్కయే.

వోల్టేజి విషయమున ఎందఱో విద్యావంతులే బోల్తాపడుదురు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జులు, అమెరికాలో 120, 60, జపానులో 100. ఒసాకా అంగడిలో చవుకగా కనబడు స్టేషను ఆ దేశమునకై చేసిన 100 వోల్టులదే కావచ్చును. దానిని తెచ్చి ఢిల్లీ ప్లగ్గులో పెట్టినచో మొదటి నిమిషముననే పొగ. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకొనినను చిక్కు పూర్తిగా తీరదు: 60 హెర్ట్జులకని లెక్కకట్టి చుట్టిన లోపలి ట్రాన్స్‌ఫార్మరు 50 వద్ద మఱింత వేడెక్కును. 230 వోల్టుల రకమునకే, కొంచెము ఎక్కువైనను, ఆర్డరు పెట్టవలెను. దానితో వచ్చు ఐరోపా ప్లగ్గు మన మూడు గుండ్రని రంధ్రముల సాకెట్టులో సరిగా కుదరదు. ప్లగ్గు మార్చునప్పుడు ఎర్తు తీగను విడువరాదు. ఢిల్లీ అద్దె ఇండ్లలో సాకెట్టునకు మూడవ రంధ్రముండును గాని దాని వెనుక తీగ యుండకపోవుట సామాన్యము. ఎర్తు లేని బల్లపై ఎంత వెలపెట్టిన యాంటీ స్టాటిక్ చాపయు ఉత్త రబ్బరు ముక్కయే. వేసవి వడగాలి వీచు దినములలో ఇచ్చటి గాలి మిక్కిలి పొడిబారి, కుర్చీనుండి లేచినమాత్రమున దేహమునకు స్థిరవిద్యుత్తు ఎక్కును. సున్నితమైన చిప్పులు పట్టువారు విదేశపు పనిముట్లకు ముందు ఒక ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు సరిచేయించుకొనుట చవుక.

కొన్ని వస్తువులు తెప్పింపనే కూడదు. బ్లూటూతుతో ఫోనునకు అంకెలు పంపు మీటరు చూచుటకు ముచ్చటైనదే గాని, రేడియో తరంగములు వెలువరించు ప్రతి యంత్రమునకును సంచార్ భవనములోని వైర్‌లెస్ విభాగము వారి ఆమోదము వర్తించును. ఆమోదము లేని రకము కస్టమ్సువారి చేత చిక్కుట కలదు. లిథియము అయాన్ బ్యాటరీలను విడిగా ప్రయాణికుల విమానములలో సరకుగ పంపుట 2016 ఏప్రిలు 1నుండి అంతర్జాతీయముగ నిషిద్ధము. బ్యాటరీతో నడచు చిన్న ఐరనులను బ్యాటరీ లేని రకముగ తెప్పించుకొనుట మేలు. ఒకరి వాడుకకని ప్రకటించి పది ఐరనులు తెప్పించినచో సొంత వాడుక యను మాట నిలువదు. వ్యాపారమునకైనచో దిగుమతి సంకేతసంఖ్య తీసికొని, కట్టిన ఐ.జి.ఎస్.టి.ని జమ వ్రాసికొనుట తెలివి.

ఎవరివద్ద కొనవలెను? 1972లో అమెరికాలోని థీఫ్ రివర్ ఫాల్స్ అను చిన్న ఊరిలో, హ్యాం రేడియోవారి కొఱకు తయారైన మోర్సు సంకేతపు కిట్టుతో పుట్టి, ఆ కిట్టు పేరునే ధరించి మహావృక్షమైన డిజి-కీ, టెక్సాసులోని మౌసర్, ఎలిమెంట్14, నోయిడాలో శాఖ గల ఆర్.ఎస్. వంటివారు తయారీదారులచే అధికారము పొందిన పంపిణీదారులు. వీరి వెల అందఱికంటె తక్కువగా నుండదు, కాని వస్తువు ఏ ఫ్యాక్టరీనుండి వచ్చినదో సందేహముండదు. కొందఱు సుంకమును తామే ముందుగా కలిపి వసూలు చేయుదురు గనుక తుది వెల మొదటనే తెలియును. పదివేలమంది అమ్మకందారులను ఒక్క కప్పు క్రింద కూర్చుండబెట్టు సంతలు వేఱు. వాటిలో మంచివారు లేకపోలేదు. ఐనను హ్యాకో కడ్డీ, ఆమ్‌టెక్ ఫ్లక్సు వంటి సరకునకు అచ్చట నకళ్లే హెచ్చు. బజారులో పేస్టని అడుగు ఆ జిగురునందు ఏమి కలిసినదో మూత తీసి చూచిన తెలియదు. బోర్డును నెమ్మదిగ తినివేయు ఆమ్లముండినను వాసన పట్టదు. అలీఎక్స్‌ప్రెస్ 2020 నవంబరు 24న నిషిద్ధమైన నాటినుండి చైనా సరకు మధ్యవర్తులద్వారా వచ్చుచున్నది. ఇచ్చట ఒక న్యాయమైన మాట చెప్పవలెను: చైనాలో చేసినంతమాత్రమున వస్తువు చెడ్డది కాదు. ఢిల్లీ సెల్‌ఫోను మరమ్మతువారు మెచ్చు క్విక్ వారి వేడిగాలి స్టేషను, రిగోల్, సిగ్లెంట్ వారల ఆసిలోస్కోపులు తమ పేరుతో తాము నిలిచినవి. దూరముగ నుంచవలసినది పరుల పేరుతో బ్రతుకు వస్తువునే.

పొట్లము చేరినప్పుడు ముద్ర విప్పుచుండగా ఫోనులో చిత్రించుట మంచిది. విదేశపు అమ్మకందారుతో వాదమునకు అంతకంటె సాక్ష్యము లేదు, తిరుగుటపా ఖర్చు ఒక్కొక్కప్పుడు వస్తువు వెలకు సగముండును. వారెంటీ ఏ దేశమున చెల్లునో కార్డులో చదువవలెను. ఇక మీటరు నిజము చెప్పుచున్నదో లేదో చూచుటకు మన పట్టణవాసుల కొక విశేష సౌలభ్యము కలదు. ఫస్ట్ కాపీ మీటర్లు అమ్ము కరోల్ బాగునకు ఆనుకొనియున్న పూసాలోనే, 1947 జనవరి 4న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన జాతీయ భౌతిక ప్రయోగశాల కలదు. భారతదేశపు వోల్టునకు జోసెఫ్‌సన్ పద్ధతిని నిలిపిన ప్రమాణము అచ్చటనే భద్రపఱచి యున్నది. సామాన్యుడు మీటరు పట్టుకొని అచ్చటికి పోనక్కరలేదు. ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు పొందిన క్యాలిబ్రేషను ప్రయోగశాలలు ఢిల్లీ చుట్టుప్రక్కల ననేకములు. వారి కొలతలు ఒక దానినుండి ఒకటిగ పూసా వోల్టువఱకు పోవును. ఇంటిలోనున్న మీటర్లలో ఒక్కదానికి అట్టి సర్టిఫికెట్టు తీసికొనినచో, తక్కినవాటిని దానితో సరిపోల్చుకొనవచ్చును.

ఆర్డరు పెట్టునప్పుడు కొసరు సామానును మఱవరాదు. ఐరనుతోబాటు ఏటవాలుగ కోసినదొకటి, ఉలివలె చదునైనదొకటి, రెండు మొనలు అదనముగ తీసికొనవలెను. ఉలి మొనయే నూటికి తొంబదిపాళ్లు పని చేయును, సూదిమొన చూచుటకే గాని వేడిని మోయలేదు. మీటరుతోబాటు దానికి తగిన 440 మిల్లీ ఆంపియర్లది, 11 ఆంపియర్లది రెండు ఫ్యూజులును అదే పొట్లములో వేయింపవలెను. చిన్నవి గనుక రవాణా పెరుగదు, తరువాత వాటికొఱకే వేఱు పొట్లము తెప్పించినచో ఫ్యూజుకంటె కొరియరు ఖర్చు హెచ్చగును. ఫ్యూజు పోయిననాడు ఎవడో ఒకడు గాజు గొట్టము చూపి "చల్ జాయేగా, సాబ్" అనక మానడు. మీటరు నడచును, కాని దాని ముఖముపైని క్యాట్ 3 అను అక్షరములు ఆనాటినుండి చెల్లవు.